ఉడుకు అనలే, వేడి అన్నది

మా దిక్కు ఆడోళ్ళ తిట్లన్నీ నిప్పుతోనో మన్నుతోనో ఉంటయి. నీ మొఖం మండ, నీ నోట్ల మన్ను పడ, నీ కొంప గాల. నల్లా కాడ ఒక బిందెకు ఇంకో బిందె అడ్డం పడితే చాలు, పొద్దుగాలనే వాడకట్టంత మండుతది. ఆమె ఒక్కతి మాత్రం ‘మండ’ అనేది కాదు. ఎంత కోపమొచ్చినా "నీ మొఖం సల్లగుండ" అని తిట్టేది. పండ్లు కొరుక్కుంట, చెయ్యి ఊపుకుంట, "నీ కడుపు సల్లగుండ, నీ ఇల్లు సల్లగుండ, పో అవుతలికి!" అని. తిట్లు తిన్నోళ్ళకు ఏడ్వాల్నో దండం పెట్టాల్నో సమజ్ కాకపోయేది.

ఆమె పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను చామోర్షిల ట్రైనింగుల ఉన్న. నేను కౌన్సెలర్ను. మనసు బాగలేనోళ్ళతోని మాట్లాడుడు నా పని. మరాఠీ రాజ్యంల ఉన్నా తెలుగు మాట్లాడే మా సిరోంచ తాలూకాల ఊరూరు తిరుగుత. బయటి నుంచి డాక్టర్లు వస్తే వాళ్ళ మరాఠీని తెలుగులకు, మావోళ్ళ తెలుగును మరాఠీలకు మార్చి చెప్పేది కూడా నేనే. ఆ రోజు ట్రైనింగ్ ఇచ్చేటాయన బోర్డు మీద మూఢనమ్మకానికి మరాఠీ మాట, ‘అంధశ్రద్ధ’ అని పెద్దగ రాసి, మీ ఊళ్ళల్ల మంత్రాలేసేటోళ్ళు, ఊదేటోళ్ళు ఎందరున్నరో చెప్పుండ్రి అని ఒక్కొక్కల్ని లేపుతున్నడు. నా వంతు ఇంక రాలే, ఆమె కోడలు ఫోన్ చేసింది. "అక్కా, అత్తమ్మ పోయింది. మూడు దినాలు జరం. అంతే." బయటికొచ్చి మెట్ల మీద కూసున్న. లోపలికి పోతే లేచి నిలబడి చెప్పాలె. ఒకామె ఉండె సర్, పొద్దున్నే పోయింది అని చెప్పాల్నా? నాకు చాతకాలే. సంచి కూడ అండ్లనే ఇడిచిపెట్టి బస్టాండుకు పోయిన.

వరుసకు ఆమె నాకు పెద్దమ్మ. వరుసకే, రక్తం కాదు. అంకిస పక్కన మా ఊర్ల మా అమ్మ, ఆమె ఒకే వరుసల నాట్లేసినోళ్ళు. ఇద్దరికీ గుంటెడు భూమి లేకుండె. మంది పొలాలల్ల నడుములు వంగినయి. ఆమె పేరు రాయను. రాసినా ఊర్ల సగం మందికి తెల్వది. అందరికీ ఆమె ఊదే పెద్దమ్మనే.

ఊదుడంటే ఏందో చెప్త. పానం బాగలేనోళ్ళు ఆమె వాకిట్లకు వచ్చేటోళ్ళు. నిద్ర పట్టనోళ్ళు, గుండె దడదడ కొట్టుకునేటోళ్ళు, ఊకె ఏడుపొచ్చేటోళ్ళు. గాలి సోకిందనో, ఎవరో చేసిండ్రనో పెద్ద కథ మోసుకొచ్చేటోళ్ళు. ఆమె ఆ కథ ఇనేది కాదు. పీట మీద కూసోబెట్టి, సత్తు బేసిన్ల సల్లటి నీళ్ళు పోసి, రెండు యాపరెమ్మలేసి, కాళ్ళు అండ్ల పెట్టుమనేది. తంబాకంటే ఆమెకు పానం. అయినా ఊదే ముందట ఊంచేసి, చెంబెడు నీళ్ళతోని నోరు పుక్కిలించేది. అప్పుడు ఒక్కటే అడిగేది.

"ఏడున్నది బిడ్డా?"

ఏమైంది అని కాదు, ఎవరు చేసిండ్రు అని కాదు. ఉడుకు ఏడున్నదని. ఆమె లెక్కల బాధంటే ఉడుకే. అది ఒంట్ల ఒక్కకాడ కూసుంటది. ఏడ కూసున్నదో పడేటోళ్ళకే తెలుస్తది. "నాకేం తెల్వదు, పోశమ్మకూ తెల్వది. మనిషి నోటికి తెలుస్తది. నోరు చెప్పిందే నిజం" అనేది. ఒకలు కడుపుల అనేటోళ్ళు, ఒకలు అరికాళ్ళల అనేటోళ్ళు. ఒకాయన మస్తుసేపు సిగ్గుపడి చెవులల్ల అన్నడు. పెండ్లాం పక్కనే ఉన్నది. పెద్దమ్మ ఆయన చెవులల్ల ఊది, పెండ్లాం దిక్కు తిరిగి, "నువ్వు జర తక్కువ మాట్లాడవే, నీ నోరు సల్లగుండ" అన్నది.

చెప్పినంక నడినెత్తి మీద మూడుసార్లు, చెప్పినకాడ మూడుసార్లు ఊదేది. కొందరికి జల్ది చెప్పొస్తది, కొందరికి రాదు. రాకపోతే తొందర చెయ్యకపోయేది. పోశమ్మ పటం దిక్కు చూసి, "ఏందే, నిద్రపోతున్నవా? పిల్ల ఎంతసేపు కూసోవాలె?" అని పక్కింటామెను గదిమినట్టు గదిమేది. ఓసారి పెర్మిలి దిక్కు నుంచి ఒక గోండు మనిషి బండి మీద వచ్చిండు. ఆయనకు తెలుగు రాదు, ఈమెకు గోండి రాదు. నేను అక్కడనే ఉన్న, నాకూ గోండి రాదు. ఈమె వాడుక చొప్పున అడిగింది. ఆయన జరసేపు నీళ్ళల్ల కాళ్ళు చూసుకున్నడు. తర్వాత గొంతు కింద గుంతల వేలు పెట్టి చూపించిండు. ఊదింది. ఆయన కండ్లు తుడుచుకొని లేచిపోయిండు. ఏం సమజైంది వాళ్ళిద్దరికి అని నేను ఇంటికొచ్చేదాక యోచన చేసుకుంట వచ్చిన.

నన్ను కూడ ఆ పీట మీద కూసోబెట్టింది. చదువుకున్నదాన్నని, ఉద్యోగస్తురాలినని ఎగిరేదాన్నే, అయినా కూసున్న. నా మొదటి కాన్పు కడుపులనే పోయింది. ఏడో నెల. ఇంటికొచ్చి నేను ఏడ్వలే. అన్నం తిన్న, డ్యూటీకి పోయిన, మందికి ధైర్యం కూడ చెప్పిన. మా అమ్మకు భయమైంది. గుంజుకపోయి పెద్దమ్మ ముందట పడేసింది. కాళ్ళు నీళ్ళల్ల పెట్టిన. "ఏడున్నది బిడ్డా?" అన్నది. "ఏడ లేదు, నేను మంచిగనే ఉన్న" అన్న. ఆమె నీళ్ళు మారిచ్చింది. పటాన్ని గదిమింది. మళ్ళ అడగలే, నా ముందట అట్లనే కూసున్నది. ఎంతసేపైందో, నా నోట్లకెల్లి దానంతట అదే వచ్చింది, "చేతులల్ల" అని. పిల్లను ఎత్తుకోవల్సిన చేతులు. అవి మండుతున్నయని నాకు ఆ మాట అనేదాక తెల్వది. నా రెండు చేతులు ఆమె చేతులల్ల పెట్టుకొని ఊదుతుంటే, ఊరు ఊరంత ఇనేటట్టు ఏడ్చిన.

ఇది ఎట్ల పనిచేసింది అని అడిగితే నా దగ్గర జవాబులున్నయి. మనసుల బాధను మనిషి ఒంటి బాధగ చెప్పుకుంటడు అని మాకు నేర్పిండ్రు. బాధకు ఒక జాగ చూపిస్తే సగం తగ్గుతది అనీ చెప్పిండ్రు. నీళ్ళల్ల కాళ్ళు పెట్టుడు, నెమ్మదిగ అడుగుడు, ఓపికగ ఇనుడు, వీటన్నిటికీ పేర్లున్నయి. ఒక్కటి కూడ తెలుగుల లేదు. ఆ పేర్లన్నీ పరీక్షల రాసి పాసైన. అయినా ఆ దినం నా చేతులు సల్లవడ్డది పేర్లతోని కాదు. ఇది కూడ నిజమే, ఏం చేద్దాం.

అట్లని ఆమె దేవతేం కాదు. ఊర్ల ఒక కోడలు పిల్లకు కాన్పయి ఇరవై దినాలైంది. నిద్ర పోదు, పాలియ్యదు, గోడతోని ముచ్చట్లు పెడతది, పాటలు పాడతది. పెద్దమ్మ దినాం పోయి ఊదింది. తొమ్మిది దినాలు. పదో దినం ఆ పిల్ల పసిగుడ్డును మంచంల ఇడిచి గోదావరిలకు నడిచింది. చేపలు పట్టేటోళ్ళు చూసి జుట్టు పట్టి గుంజిండ్రు కాబట్టి బతికింది. నేను పోయి డాక్టర్ కాడికి తీస్కపోయిన. గోలీలతోని నెలరోజులల్ల మనిషి మనిషైంది. ఇప్పుడు ఆ పిల్ల బిడ్డ బడికి పోతుంది.

నేను ఊకుంటనా? సక్కగ పెద్దమ్మ వాకిట్లకే పోయిన. పది మంది ఉన్నరు. "తొమ్మిది దినాలు! నీ ఊదుడు పాడుగాను! ఇంకొక్క గడియైతే ఆ పిల్ల సచ్చేది. నీ నోటి గాలి నమ్ముకొని మంది సావాల్నా?" అని నోటికొచ్చినట్టు ఒర్లిన. ఆమె తల వంచుకొని అంత ఇన్నది. నేను ఆయాసపడి ఆగినంక మెల్లగ అన్నది, "దినాం అడిగిన బిడ్డా. ఏడున్నది అంటే ఆ పిల్ల నవ్వింది. ఒక్కనాడు చెప్పలే. చెప్పనోళ్ళకు నేనెందుకు ఊదిన? నాదే తప్పు."

ఆ దినం నుంచి ఆమె ఒక కట్టు పెట్టుకున్నది. ఏడున్నదో చెప్పగలిగినోళ్ళు ఆమె దగ్గర. రెండు దినాలైనా చెప్పలేనోళ్ళు నా దగ్గర. "ఈమె చెప్తలేదు, ఈమె నీది" అని కబురొచ్చేది. అట్ల పంపినోళ్ళల్ల మూడొంతుల మందికి డాక్టర్ నిజంగనే మందు రాయాల్సొచ్చింది. నేను లోపల లోపల మస్తు పొంగిపోయిన. నేను ఒర్లిన ఒర్లుడు పనిచేసింది అనుకున్న. ఆ ఒర్లుడు ఆమె లోపలికి ఎంత దూరం పోయిందో నాకు అప్పుడు తెల్వది.

మెల్లగ ఆమెకే నిద్ర పోయింది. తెల్లారకముందే లేచి వాకిట్ల అటు ఇటు తిరుగుతుందని కోడలు చెప్పింది. ఊదబోయి ఆగిపోతుందట. నోరు పుక్కిలించిందే పుక్కిలిస్తుందట. మంది ఉడుకంత ఊది ఊది ఆమెకే ఎక్కింది అన్నరు ఊరోళ్ళు. నేను పోయిన. ఎట్ల అడగాల్నో తెల్వక, నగినట్టు, "నీకు ఏడున్నది పెద్దమ్మా?" అన్న. చెప్పబోయింది. చెయ్యి గుండె మీదికి పోయింది, నెత్తి మీదికి పోయింది, కిందికి దిగింది. "దొరుకుతలేదు బిడ్డా" అన్నది. కండ్లల్ల నీళ్ళు. జరసేపటికి తనే తేరుకొని, "అయితే నేను నీదాన్నే. ఎప్పుడు రావాలె చెప్పు" అన్నది. ఏండ్ల నుంచి ఊరంత ఆమె దగ్గరికి నడిచింది, ఆమె మాత్రం తను పెట్టుకున్న కట్టుకు కట్టుబడి నా దగ్గరికి నడిచొస్త అన్నది. నన్ను గంత నమ్మింది. ఆమెకు నయం చేపిచ్చి మళ్ళ ఆ పీట కాడ కూసోబెట్టాలె, అదొక్కటే నా మనసుల ఉండె.

అంకిసల ఒక బడిల శిబిర్ పెట్టిండ్రు. బయటి నుంచి డాక్టర్ వచ్చిండు. మంచోడే, పిల్లగాడు, గుంతల రోడ్ల మీద పొద్దుగాల నుంచి వచ్చి నాష్టా కూడ చెయ్యలే. మంది బార్లు కట్టిండ్రు. పెద్దమ్మ పెండ్లిళ్ళకు కట్టే చీర కట్టుకొని, నెత్తికి నూనె పెట్టుకొని, బెంచీ మీద నిటారుగ కూసున్నది. తంబాకు తెచ్చుకోలే. ఆమె వంతు మధ్యాన్నానికి వచ్చింది. డాక్టర్ తల ఎత్తకుండనే, "కాయ్ త్రాస్ ఆజీ?" అన్నడు. నేను తిరిగి, "ఏం తకలీఫ్ ఉన్నదో చెప్పు పెద్దమ్మా" అన్న.

పుట్టిన కాడి నుంచి ఆమె నోట్ల ఉడుకు తప్ప ఇంకో మాట లేదు. ఉడుకు నీళ్ళు, ఉడుకు అన్నం, ఒంట్ల ఉడుకు. కానీ ముందట పెద్ద డాక్టర్ ఉన్నడు. ఉడుకంటే ఊరి మాట అనుకున్నదో ఏమో, టీవీల చెప్పేటోళ్ళ లెక్క, పొత్తంల ఉన్నట్టు, మర్యాద మాట తీసింది. కొంగు సదురుకొని, డాక్టర్ మొఖం చూసి, తనే సక్కగ చెప్పింది.

"వేడి సర్. అంత వేడి."

డాక్టర్ పెన్ను ఆగింది. మరాఠీల వేడీ అంటే పిచ్చిది. మా దిక్కు అంగన్‌వాడీ పిల్లలకు కూడ ఎరుకే. ఆయన తల ఎత్తి, "వేడీ? కోణ్ వేడీ?" అన్నడు. ఎవరు పిచ్చిది అని. ఆమె పాపం ఆయనకు తెలుగు సమజైందనుకొని, ఎదమీద చెయ్యి పెట్టుకొని, "నేనే సర్, వేడి" అన్నది. ఆయన నవ్విండు. కావాలని కాదు, అలిసిపోయి ఉన్నడు, నవ్వొచ్చింది. బెంచీ మీదోళ్ళకు రెండు భాషలూ వస్తయి, వాళ్ళు ఘొల్లుమన్నరు.

నేను కూడ నవ్విన.

ఎందుకు నవ్విన్నో మస్తుసార్లు యోచన చేసిన. నేను మరాఠీ బడిల చదివిన. మా తెలుగు ఇని పక్క పిల్లలు నవ్వేటోళ్ళు. వాళ్ళకన్న ముందు నేనే నవ్వితే నేను వాళ్ళ దిక్కే ఉన్నట్టు అయితది, అది చిన్నప్పుడే నేర్చుకున్న. గా అలవాటు ఇన్నేండ్లకు గా బెంచీ కాడ బయటపడ్డది. నాకు సిగ్గు లేదు, ఇంకేం చెప్పాలె. డాక్టర్ నగుకుంటనే, "లిహా, స్వతఃలా వేడీ మ్హణతే" అన్నడు. రాయుండ్రి, తనను తనే పిచ్చిది అంటుంది అని. "నాహీ సర్, ఆమె చెప్పేది ఉష్ణతా" అని నోటిదాక వచ్చింది. వెనుక నలభై మంది ఉన్నరు. ఏమన్న గానీ, ఇచ్చేది అవే గోలీలు కదా అనుకున్న. రాసిన. నా చేతిరాతతోని రాసిన.

ఆమె నవ్వలే. కాయితం తీసుకున్నది. నా మొఖం దిక్కు ఒక్కసారి చూసి లేచిపోయింది.

ఇంటికి పోయినంక గోలీలు ఎప్పుడు మింగాల్నో చెప్పు అని కోడలికి ఆ కాయితం ఇచ్చింది. కోడలు మరాఠీ చదువు చదివిన పిల్ల. పైనుంచి కింది దాక చదివింది. వాకిట్ల నలుగురు కూసున్నరు. సాయంత్రానికి ఊరంత తెలిసింది. పెద్ద డాక్టర్ ముందట తనే ఒప్పుకున్నదట, కాయితం మీద రాసుందట. ఎవ్వరు ఆమెను ఒక్క మాట అనలే. నల్లా కాడ జరిగి జాగ కూడ ఇచ్చిండ్రు. కానీ పిచ్చిదాంతోని నడినెత్తి మీద ఊదిపిచ్చుకునేదెవరు? ఒక్కొక్కలే మానుకున్నరు. వాకిట్ల పీట ఎత్తి అటక మీద పెట్టిండ్రు.

ఇదంత నాకు తెలిసేవరకు నాట్లు పడ్డయి. ఆ నెలలల్ల ఆమె గోలీలు కోడలే వచ్చి తీస్కపోయేది. మంచిగున్నది అక్కా, పంటుంది అనేది. నిజమే, నిద్ర వచ్చింది, తిరుగుడు ఆగింది. మా రిజిస్టర్ల ఆమె పేరు ముందట ‘సుధారణా’ అని ఉన్నది, నయమైతుంది అని. అది కూడ నేనే రాసిన. ఇగ ఊరి సంగతి తెలిసిన దినం ఇంకో కాయితం తీసి, ఒంట్ల ఉష్ణతా అని సాఫ్ రాసి, పాతది తప్పని కింద నా సంతకం పెట్టి, వానల బండి మీద పోయిన. ఊరోళ్ళను కూడేసి చదివి చెప్పాలె, తప్పు నాదని ఒప్పుకోవాలె, ఆమెను మళ్ళ కూసోబెట్టాలె అని తొవ్వంత అనుకున్న.

ఆమె అరుగు మీద కూసున్నది. జర ఒళ్ళొచ్చింది. నోట్ల తంబాకు ఉన్నది, ఊంచలే. పక్కన కూసొని, కాయితం చేతుల పెట్టి, "తప్పు రాసిన పెద్దమ్మా. నువ్వన్నది తెలుగు మాట. నీకు పిచ్చి లేదు. పిచ్చి అని నువ్వు అనలే. పా, అందరికీ చెప్తా" అన్న.

కాయితం చూడలే. "నా నోటితోని నేనే అన్న కద బిడ్డా. రెండుసార్లు అన్న."

"ఉడుకు అన్నట్టు అన్నవు! ఆయనకు తెలుగు రాదు!"

"ఇన్నేండ్లు మందిని అడిగిన. వాళ్ళ నోరు ఏం చెప్తే అదే నిజమని ఊదిన. నా నోరు దేవులాడి దేవులాడి ఆఖరుకు ఒక మాట చెప్పింది. అందరిది నమ్మి, నాది నమ్మొద్దా?"

నాకు ఏడుపొచ్చింది. "పెద్దమ్మా, అది తెలుగు! నువ్వు తెలుగుల అన్నవు!" అని ఆమె భుజం పట్టి ఊపిన.

"అవు, నేను తెలుగులనే అన్న" అన్నది. "నువ్వే మరాఠీల నవ్వినవు."

కోపంతోని అన్నా బాగుండు. ఆమె తిట్టు తిట్టినా బాగుండు, కాళ్ళ మీద పడుదును. ఉన్న ముచ్చట చెప్పినట్టు చెప్పింది. నా చెయ్యి మెల్లగ భుజం మీదికెల్లి తీసి నా ఒళ్ళె పెట్టింది. కొంగు సదురుకున్నది. శిబిర్ల డాక్టర్ ముందట కూసున్నట్టే నిటారుగ కూసొని, కండ్లు కిందికేసి, అడిగింది.

"గోలీలు ఇంక ఎన్ని దినాలు మింగాలె, మేడం?"